తుడవొద్దన్న గాజుపలకలు

గోదావరిఖని నుంచి వచ్చి రెండు వారాలైంది. మా తెనాలి వీధిలో ఒక్కరైనా "అక్కడ ఎలా ఉంది?" అని అడగలేదు. "ఆరేసిన బట్టలు నల్లబడతాయటగా?", "నీళ్లలో బొగ్గు తేలుతుందటగా?" అనే అడిగారు. సమాధానం ముందే తెలిసినవాళ్లకు జవాబు చెప్పడమంత విసుగు పని ఇంకొకటి లేదు. అందుకే పిల్ల పడుకున్నాక రోజూ కాసేపు కూర్చుని రాస్తున్నాను. అటు వెళ్లనివాళ్లు చదువుకోవచ్చు.

నేను సరదాకి వెళ్లలేదు. మావారికి గోదావరిఖని దగ్గర బొగ్గు గనుల వర్క్‌షాపులో కరెంటు పని చూసే ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ ఒక స్నేహితుడి క్వార్టర్లో సర్దుకున్నారు; మేం వెళ్లిన వారం ఆ స్నేహితుడు సెలవు మీద ఊళ్లో లేడు. డిసెంబరులో ఉత్తరం రాశారు. అదే వరసలో చివరి క్వార్టరు ఖాళీ అయిందట, మాకు ఇస్తామంటున్నారట, వచ్చే సోమవారం తీసుకుంటామో లేదో రాసివ్వాలట. వద్దంటే మళ్లీ ఎన్నాళ్లకో ఎవరికీ తెలియదు. ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో "కీర్తి దగ్గు ఎలా ఉంది?" అని ఉంది.

చిక్కంతా అక్కడే. కీర్తికి రెండున్నరేళ్లు. చలికాలం వస్తే దగ్గు, దగ్గు వెనక పిల్లికూతలు. ఒక డాక్టరు ప్రైమరీ కాంప్లెక్స్ అన్నారు. ఇంకొకరు ఇస్నోఫీలియా అన్నారు. మూడో ఆయన అరటిపండు మానిపించమన్నారు. ముగ్గురికీ కుదిరిన మాట ఒక్కటే: బొగ్గు ఊరికి తీసుకెళ్లొద్దు. ముగ్గురిలో బొగ్గు ఊరు చూసినవారు ఎవరూ లేరు. మా అమ్మ వెళ్లొద్దని ఏడుపు, మా అత్తగారు మొగుణ్ణి వదిలి ఎన్నేళ్లుంటావని సాధింపు.

నేను బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివాను. ఆఖరి సంవత్సరం గాలిలో పుప్పొడి మీద ప్రాజెక్టు చేశాను. గాజుపలకకు పలచగా వాజలీను పూసి ఆరుబయట ఒక పగలూ రాత్రీ ఉంచితే గాలిలో ఉన్నదేదో దానికి అంటుకుంటుంది. తర్వాత తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంతో చూడాలి. పుప్పొడికి పనికొచ్చింది బొగ్గుకు పనికిరాదా? ఆ పలకలు ఆరు నా పెట్టెలో ఇంకా ఉన్నాయి. మనుషుల మాటలతో విసిగిపోయి, వాటిని ఒక తువ్వాలులో చుట్టి, పిల్లను చంకనేసుకుని రైలెక్కాను. గాలి చెడ్డదైతే క్వార్టరు వద్దు. కాకపోతే కావాలి. చూసి, కొలిచి, తేల్చుకుందామనుకున్నాను. ఎంత సులువనుకున్నానో!

రైల్లో బెల్లం

వరంగల్ దాటకముందే ఆరు పలకల్లో రెండు పగిలాయి. సీటు మీద ఉన్న నా సంచీని మెత్తటి దిండనుకుని ఒక పెద్దమనిషి దాని మీద కూర్చున్నాడు. నేను కేక వేస్తే లేచి నిలబడి సంచీకే దణ్ణం పెట్టాడు.

"ఏమున్నయి బిడ్డా లోపల? అద్దాలా?"

ఆయన పేరు యేసుదాసు. నస్పూర్‌లో కూతురింటికి వెళుతున్నాడు. ముప్ఫై ఏళ్లు గనిలో (వాళ్ల మాటలో బాయి) దిగి, రెండేళ్ల కిందట పింఛను తీసుకున్నాడట. మెళ్లో చిన్న శిలువ, చేతిలో బత్తాయిల సంచీ. డజను ఎంతకు కొన్నాడో చెప్పి, వరంగల్లో ఇంకో రూపాయి తక్కువకే దొరికేవని నాలుగు స్టేషన్ల దాకా బాధపడ్డాడు. కీర్తి దగ్గగానే ఆ బాధ మరిచిపోయి సంచీలోంచి ఒక పొట్లం తీశాడు. బెల్లం.

"పొల్లకు ఇది పెట్టు. బాయిలకెల్లి పైకొచ్చినంక మాకు ఇదే మందు. లోపలి దుమ్మునంత గుంజుకొస్తది."

"బెల్లం కడుపులోకి పోతుంది కదా తాతా. దుమ్ము ఉండేది ఊపిరితిత్తుల్లో."

"అయితేంది?"

"రెండు గొట్టాలూ వేరు కదా. ఇక్కడ తిన్నది అక్కడికి ఎలా పోతుంది?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "గది నాకెట్ల ఎరుక బిడ్డా? బెల్లాన్ని అడుగు."

డబ్బా అంతా నవ్వింది. నేను జవాబు వెతుక్కునేలోగా కీర్తి ముక్క మొత్తం నోట్లో పెట్టుకుంది. మా వైపు దగ్గే పిల్లకు తీపి పెట్టరు. ఇక్కడ దగ్గుతోందనే పెడతారు. ఎవరి మాట వినాలి? రామగుండంలో దిగేసరికి పిల్ల బుగ్గలకు, నా భుజానికి, పలకల తువ్వాలుకు కూడా బెల్లం అంటుకుని ఉంది.

నంబర్ల ఊరు

అక్కడ ఊళ్లకు పేర్లకంటే నంబర్లు ఎక్కువ. ఫలానా నంబరు గని, ఆ నంబరు కాలనీ, ఆ నంబరు బస్సు స్టాపు. మావారు డ్యూటీ దిగి స్టేషనుకు రావడం ఆలస్యమైంది. నేను తెలివిగా ఒక నంబరుకు బదులు ఇంకో నంబరు చెప్పి ఆటో ఎక్కి, అచ్చం మా కాలనీలాగే ఉన్న ఇంకో కాలనీలో దిగాను. అవే పెంకుటిళ్ల వరసలు, అవే నల్లాలు, అవే నంబర్లు. ఆ నంబరింటి తలుపు తడితే రాత్రి షిఫ్టుకు వెళ్లాల్సిన మనిషి నిద్రలోంచి లేచివచ్చి, "మీ ఆయన నేను కాదమ్మా" అని మర్యాదగా చెప్పి తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత నాకు తెలిసింది, ఆ వరసల్లో ఏ వేళకైనా ఏదో ఒక ఇంట్లో మగమనిషి నిద్రపోతుంటాడని. పిల్లలు అక్కడ గుసగుసగా పోట్లాడుకుంటారు. మా వీధి పిల్లలకు ఆ విద్య రాదు.

చివరికి మా వరస చేరేసరికి పొద్దు వాలింది. మా వరసంటే ఎదురెదురుగా ఐదేసి, పది ఇళ్లు, మధ్యన ఒక సందు. దాదాపు ప్రతి ఇంటి ముందూ ఒక పొయ్యి పొగలు కక్కుతోంది. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, కింద కన్నం పెట్టి చేసిన పొయ్యి. గనుల్లో పనిచేసేవాళ్లకు బొగ్గుకు కరువు లేదు, గ్యాసు కోసం పేరు రాయించుకున్నవాళ్లకు అది ఎప్పుడొస్తుందో తెలియదు. పచ్చి బొగ్గు కాబట్టి ముందు ఆరుబయట అంటించి పొగంతా పోనిచ్చి, నిప్పులయ్యాక బకెట్టును ఇంట్లోకి తీసుకెళ్లి వంట చేస్తారు. తెలివైన పద్ధతే అనుకున్నాను. ఇంట్లో పొగ ఉండదు కదా.

ఆ రాత్రి కీర్తి దగ్గుతూనే ఉంది. నేను గని వైపు చూస్తూ పళ్లు నూరుకున్నాను. అక్కడ లారీలు, రైలు పెట్టెలు, కొండల్లా బొగ్గు కుప్పలు. ఇంకేం కావాలి?

ఎదురింటి రాజక్క వచ్చి పిల్ల వీపు నిమిరింది. నలభై దాటిన మనిషి, భర్త భూగర్భంలో బొగ్గు కొట్టే పని. "ఫికర్ చెయ్యకు చెల్లె. ఇక్కడ అందరు పోరగాండ్లు దగ్గుతరు. అలవాటైతది."

అలవాటు! ఆ మాట ఆ ఆరు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. నీళ్ల వేళలకు అలవాటు, సైరనుకు అలవాటు, దగ్గుకు అలవాటు.

నాలుగు పలకలు

గురువారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. నాలుగు పలకలను సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వాజలీను పూశాను. ఒకటి మా ముంగిట, ఒకటి రాజక్క ముంగిట, ఒకటి పక్కింటి నూర్జహాన్ కిటికీలో, నాలుగోది చివరనున్న ఖాళీ క్వార్టరు పిట్టగోడ మీద. నూర్జహాన్ భర్త మెకానిక్కు. ఆమె ఇంట్లో ఉర్దూ, సందులో తెలుగు, నల్లా దగ్గర రెండూ మాట్లాడుతుంది.

"ఇది ఇక్కడే ఉండాలి. రేపు పొద్దున వచ్చి తీసుకుంటాను" అని ఇద్దరికీ చెప్పాను. ఎందుకో చెప్పలేదు. చెబితే మళ్లీ అలవాటు గురించి వినాల్సి వస్తుందని భయం.

ఆ రోజు బజారు చూశాను. టీ గ్లాసు మా ఊళ్లోకంటే పెద్దది, పాలు తక్కువ. రాజక్క సర్వపిండి చేసి పంపింది. గిన్నెకే పిండి అద్ది కాల్చే ఈ రొట్టెలో నువ్వులు, పల్లీలు, కారం సరిసమానంగా ఉంటాయి. కీర్తి పల్లీలు ఏరుకుని తింది. నేను కళ్లలో నీళ్లు కారుతున్నా మిగిలిందంతా తిన్నాను. సాయంత్రం మళ్లీ పొయ్యిలు, మళ్లీ దగ్గు.

మెరిసిపోయిన గాజు

శుక్రవారం పొద్దున మా ముంగిట పలక బూడిదరంగు పట్టి ఉంది. మిగతావాటి కోసం రాజక్క దగ్గరికి వెళ్లాను. పలక తళతళలాడుతోంది. వాజలీను కూడా లేదు.

"ఏంది చెల్లె, గట్ల జిడ్డు కారే అద్దం ఇచ్చి పోతివి? పొద్దుగాల లేచి చూస్తే మస్తు దుమ్ముండె. ముగ్గుపిండి పెట్టి తోమిన. చూడు, మొఖం కనవడుతాంది."

"అయ్యో రాజక్కా, దుమ్ము పడాలనే పెట్టాను!"

"దుమ్ము పడాల్నా?" ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఆ ఖాళీ ఇంటి గోడ మీద పెట్టింది గూడ తుడిసిన మరి. నీకెందుకు తిప్పలని."

ఇంకా నూర్జహాన్ పలక ఉందని ఆశ. నేను వెళ్లకముందే ఆమె వచ్చింది. పింగాణీ గిన్నె నిండా సేమియా, దాని మీద మూతలాగా నా పలక, కడిగి తుడిచి.

"తుమారా కాంచ్, అక్కా. ఖాళీ అద్దం వాపస్ ఇస్తే బాగుండదని జెర సేమియా చేసిన. పొల్లకు పెట్టు."

ఏం చెప్పను? మా ఊళ్లోనూ ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు. కానీ ప్రయోగశాల పలకకు ఆ మర్యాద జరగడం నేనెక్కడా చూడలేదు. ఒక రోజు పోయింది, సోమవారం దగ్గర పడుతోంది. నేను సేమియా తింటూ ఏడ్చాను. సేమియా బాగుంది, అది ఇంకా కోపం తెప్పించింది.

మధ్యాహ్నం నల్లా వచ్చే వేళకు ఆడవాళ్లంతా అక్కడున్నప్పుడు ఉన్నదంతా చెప్పేశాను. పిల్లకు ఊపిరి కష్టమని, క్వార్టరు తీసుకోవాలో వద్దో తెలియడం లేదని, పలక ఎంత నల్లబడితే అక్కడి గాలి అంత చెడ్డదని. "దయచేసి ఎవరూ తుడవొద్దు."

అందరూ శ్రద్ధగా విన్నారు. ఆ మాట సందు ఈ చివర నుంచి ఆ చివరకు చేరేసరికి "ఎవరి ఇల్లు ఎంత మురికో తెనాలి ఆమె అద్దం పెట్టి చూస్తాంది" అయింది. అరగంటలో సరోజన వచ్చింది. రాజక్క పక్కింటి ఆవిడ, నోరు పెద్దది.

"నా ఇంటికి ఎందుకు పెట్టవ్ అద్దం? మాది ఇల్లు గాదా? లేకపోతె చూడకుంటనే మురికని రాసుకున్నవా?"

"ఇల్లు కాదు సరోజనా, గాలి. గాలిని కొలుస్తున్నాను."

"నా ఇంటికాడ గాలి మాత్రం మురికుంటదా?"

ఖాళీ ఇంటికి పెట్టాల్సిన పలకను ఆమెకు ఇచ్చాను. ఇవ్వకపోతే నీళ్లు పట్టుకోనిచ్చేది కాదు. "తుడవొద్దు" అని ముగ్గురి చేతా ఒట్టు వేయించుకున్నాను. రాజక్క తన నెత్తి మీద, నూర్జహాన్ తన గొంతు మీద, సరోజన నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు.

సందు తెరిపిన పడింది

ఆ సాయంత్రం సందంతా నీళ్లు చల్లారు. మెట్లు కడిగారు. ఎక్కడో చీపురు చప్పుడు, ఎక్కడో బకెట్ల చప్పుడు. నేను లోపల కీర్తికి అన్నం తినిపిస్తున్నాను. ఆ పిల్లకు అన్నం తినిపించడమంటే గంటన్నర. తలుపు దగ్గరకు వచ్చి చూస్తే వరస అవతల మైదానంలో ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఏదో చలిమంట అనుకున్నాను. కీర్తి ఎనిమిదింటికి నిద్రపోయింది. తెల్లవారేదాకా ఒక్కసారి కూడా లేవలేదు. నేనూ ఎన్నాళ్ల తర్వాతో పడుకున్నాను. బెల్లం పనిచేసిందేమోనని కూడా అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

శనివారం పొద్దున పలకలు చూస్తే ఎవరూ తుడవలేదు. వాజలీను అలాగే ఉంది. కానీ నాలుగింటి మీదా పలచటి దుమ్ము తప్ప ఏమీ లేదు. మొన్న నా ముంగిట పట్టిన బూడిదరంగు ఏమైంది? అదే గని, అవే లారీలు. నేను మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాను.

రాజక్క భుజం రుద్దుకుంటూ వచ్చింది. "నాది ఎట్లొచ్చింది చెల్లె? తెల్లగనే ఉందా?"

"తెల్లగానే ఉంది. భుజానికేమైంది?"

"నీ అద్దం సల్లగుండ! దానితోనే వచ్చింది ఈ నొప్పి. తుడువొద్దంటివి. మరి నల్లగైతే ఇజ్జత్ పోదా? పొయ్యి ఈడ అంటిస్తే మసి అద్దం మీదనే పడుతదని మైదానంల అంటించి, నిప్పులైనంక మోసుకొచ్చిన. నన్ను చూసి సరోజన, దాన్ని చూసి నూర్జహాన్. వరసంత పొయ్యిలు పట్టుకొని ఆడికే వచ్చిరి. తిరునాల లెక్కుండె."

నేను లేచి నిలబడ్డాను. తుడవొద్దన్నానని వాళ్లు మసినే రాకుండా ఆపారు. ఆ రాత్రే నా పిల్ల దగ్గలేదు.

చలికాలం సాయంత్రం నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటి ఉన్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కదలకుండా పడి ఉంటుంది. దాని పైనున్న వెచ్చటి గాలి మూత వేసినట్టు నిలుస్తుంది. వేసవిలో పైకి పోయే పొగ అప్పుడు పోలేదు. ఇది నేను పాఠంలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఇన్ని ఇళ్లవాళ్లూ పొగ ఇంట్లోకి రాకూడదని బయట పెడుతున్నారు. కానీ అన్ని ఇళ్ల "బయట" ఒకటే సందు. రెండు వరసల గోడల మధ్య, మూత కింద. తలుపు తెరిస్తే అది ఇంట్లోకే వస్తుంది. నేను రెండు సాయంత్రాలు ఆ పొగలో నిలబడి, దూరంగా ఉన్న గనిని తిట్టాను.

శనివారం సాయంత్రం

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. చెయ్యి రావడం లేదు.

ఒక్క రాత్రి దగ్గకపోతే అది రుజువు కాదు. ఆ రోజు గాలి వేరుగా వీచి ఉండవచ్చు. ఏదీ రెండోసారి చూడకుండా రాయకూడదని నాకు నేర్పారు. పలకల పరీక్ష అయిపోయిందని అందరికీ తెలుసు కాబట్టి శనివారం పొయ్యిలు మళ్లీ ముంగిళ్లలోకి వచ్చాయి. ఒక్క మాట చెబితే ఆపేవారు. నేను చెప్పలేదు. సాయంత్రం నాలుగు గంటలకు ఒక పలకకు కొత్తగా వాజలీను పూసి కిటికీలో పెట్టాను. కిటికీ మూయలేదు. గడియారం ముందు కూర్చున్నాను.

ఆరున్నరకు మొదటి దగ్గు. ఏడింటికి పిల్లికూతలు. ఎనిమిదింటికి మావారు డ్యూటీ నుంచి వచ్చేసరికి పిల్ల నా భుజం మీద ఎగశ్వాసతో ఉంది, పలక కాటుకరేకులా ఉంది.

"తెలిసి తెలిసి పిల్లను పొగలో కూర్చోబెట్టావా?" అన్నారు.

"తెలియదు. అనుమానం మాత్రమే."

"అనుమానం ఉంటే కిటికీ మూస్తారు!"

"మూస్తే తెలిసేదా? అనుమానం మీద ఇల్లు తీసుకుందామా? అనుమానం మీద వదులుకుందామా?"

ఆయన కిటికీ మూసి, పిల్లను అందుకుని పక్క గదిలో తలుపు వేసుకున్నారు. నేను చెప్పింది తప్పు కాదు. ఆయన అన్నదీ తప్పు కాదు. డాక్టర్లు ముగ్గురూ తేల్చలేనిది నేను తేల్చాను. దానికి ఒక సాయంత్రం నా పిల్ల ఊపిరి వాడుకున్నాను. ఈ సంగతి మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

నల్లా దగ్గర

ఆదివారం నల్లా దగ్గర నల్లటి పలకను, తెల్లటి పలకను పక్కపక్కన పెట్టి చూపించాను. రాజక్క రెండింటినీ తిప్పి తిప్పి చూసింది.

"ఇది పొయ్యిలు ఈడున్న నాటిది, ఇది ఆడున్న నాటిది. అంతే గదా?"

"అంతే."

ఆమె నల్లటి పలకను చేతిలోనే ఉంచుకుంది. "నా చిన్నోడు గూడ గిట్లనే దగ్గేటోడు. పొద్దుమూకంగనే మొదలు. నేను బాయిని తిట్టుకుంట కూసున్న ఇన్నేండ్లు."

సరోజన బిందె దభీమని కింద పెట్టింది. "అంటే తప్పు మా పొయ్యిలదా? బాయోళ్లు మంచోళ్లాయిరి, మేము పాపాత్మురాండ్లమైతిమి! రాజక్క మొగడు ఆరేండ్ల సంది దగ్గుతాండు. ఆయినె దగ్గు గూడ పొయ్యిదేనా? చెప్పు!"

నాకు చిరాకు వచ్చింది, ఆమె అడిగింది సరైన ప్రశ్న కాబట్టి. "కాదు" అన్నాను. "ఆయన దగ్గు గని లోపలిది. అక్కడికి నా పలక పోలేదు, పొయ్యిలు మార్చినా అది తగ్గదు. నేను చెప్పగలిగింది పిల్లల సాయంత్రం దగ్గు ఒక్కటే."

"సచ్ బాత్ బోలీ" అంది నూర్జహాన్. నిజమే చెప్పిందని.

"నిజమే. గానీ మైదానందాక రోజు ఎవలు మోస్తరు?" అంది సరోజన. "ఒక పొయ్యి ఎంత బరువుంటదో ఎరుకేనా నీకు? నిప్పులతోటి? తెనాలిల గ్యాసు మీద వండుకునేటోళ్లు ఎన్నన్న చెప్తరు."

అవును, తెనాలిలో మా ఇంట్లో గ్యాసే. బి.ఎస్సీ.లో బకెట్టు మోయడం నేర్పరు. నల్లా ఆగిపోయింది, ఎవరి బిందెలు వాళ్లు ఎత్తుకుని వెళ్లారు. ఎవరూ వస్తామనలేదు, రామనీ అనలేదు.

పొద్దు వాలే వేళకు గుమ్మంలో నిలబడి చూశాను. మూడు పొయ్యిలు సందులోనే పొగ పెట్టాయి. ఇంకో మూడు అప్పటికి అంటించలేదు. రాజక్క తలుపు వేసి ఉంది. నూర్జహాన్ ముందు నడిచింది, పచ్చి బొగ్గు నింపిన బకెట్టు చేత్తో పట్టుకుని. తర్వాత రాజక్క తలుపు తెరుచుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆఖర్న సరోజన, "ఎవలి కోసం గాదు, నా పొల్లగాడు గూడ దగ్గుతాండు" అని సందు మొత్తానికి వినపడేలా చెప్పి మరీ వెళ్లింది. నేను లెక్కపెట్టాను: ఖాళీ ఇల్లూ, కిరోసిన్ స్టవ్వున్న మా ఇల్లూ పోను, ఎనిమిది కాపురాల్లో ఐదు.

కీర్తిని మావారి చేతిలో పెట్టి మైదానానికి వెళ్లాను. నిన్నటి నుంచి ఆయన నాతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నారు. చెయ్యి చాపి పిల్లను తీసుకున్నారు. మైదానంలో పొగ వంగి చెట్ల వైపు పోతోంది. ఆడవాళ్లు గొంతుక్కూర్చుని గనిలో జరిగిన సంగతులు, సినిమా సంగతులు చెప్పుకుంటున్నారు. అరగంటలో బొగ్గులు ఎర్రబడ్డాయి. రాజక్క తన పొయ్యి పిడిలో ఒక ఇనుప కడ్డీ దూర్చి, భుజం పట్టుకుని, చుట్టూ చూసింది. నేను రెండో కొస పట్టుకున్నాను.

ఎంత బరువో! మట్టి, ఇనుము, నిప్పు. వేడి ముఖానికి కొడుతోంది. నాలుగడుగులకోసారి నా కొస కిందికి దిగిపోతోంది, నిప్పు కణికలు అంచుదాకా జారుతున్నాయి. సరోజన వెనక నుంచి, "బీఎస్సీ మేడం పడుతది, జరుగుండ్రి!" అని కేకలు. మా గుమ్మం దాటుతుంటే మావారు మెట్టు మీద నిలబడి చూస్తున్నారు. పిల్ల ఆయన భుజం మీద నిశ్శబ్దంగా ఉంది.

"సక్కగ పట్టుకో చెల్లె" అంది రాజక్క. "అర్చేయి కాలకుండ కొంగు చుట్టుకో. వంకర నడువకు. ఇగ రోజు మోసేదే గద."

మావారు నా వంక చూశారు. రోజూ అన్న ఆ మాటను నేను కాదంటానేమోనని ఆగారు. నేను కొంగు చేతికి చుట్టుకుని, కొస ఎత్తి పట్టుకున్నాను.

"ఏ చేత్తో పట్టుకుంటే తేలిక, రాజక్కా?" అని అడిగాను.